మితం చెప్పిన ఊళ్లు

సోమవారం, ఏథెన్స్

మొనాస్టిరాకీ మెట్రో స్టేషన్‌లోంచి పైకి రాగానే ఎదురుగా అక్రోపోలిస్ కొండ, కాళ్ల దగ్గర సంత. తోలు చెప్పులు, ఆలివ్ సబ్బులు, ఫ్రిజ్‌కి అంటించుకునే పార్థెనాన్‌లు, దిష్టి తగలకుండా నీలం కంటి బిళ్లలు. ఈ ఊళ్లో దిగినవాళ్లంతా ముందు ఆ పార్థెనాన్ గుడి చూడ్డానికి కొండెక్కుతారు. మేము కొండకి కింద నుంచే ఒక దణ్ణం పెట్టుకున్నాం. నాకు ఉద్యోగమంతా బ్యాంకులో లోన్ల సెక్షన్‌లోనే గడిచింది. తాహతు తెలిసి కూడా మనిషి దాన్ని ఎందుకు దాటతాడన్నది అక్కడ పట్టుకున్న ప్రశ్న, రిటైరైనా వదల్లేదు. మితం, నిగ్రహం, సద్గుణం అంటూ పాఠాలు చెప్పిన గ్రీకులు ఏ వీధుల్లో తిరిగారో, ఆ వీధులవాళ్లు వాళ్ల మాట ఏ మాత్రం విన్నారో చూద్దామని బయల్దేరాను. తోడు మా బావమరిది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటాడు, టికెట్లూ హోటళ్లూ అన్నీ వాడే చూశాడు. "బావగారూ, మితం సంగతి మీరు చూసుకోండి, మెనూ సంగతి నేను చూసుకుంటా" అని ఎయిర్‌పోర్టులోనే పని పంచేశాడు.

సంత దాటితే పాత అగోరా. రెండున్నర వేల ఏళ్ల కిందట ఇదీ సంతే. కోర్టులు, ఆఫీసులు, గుళ్లు, కొట్లు అన్నీ ఇక్కడే. అమ్మకానికి పెట్టిన సరుకులు చూసి సోక్రటీస్ "నాకు అక్కర్లేనివి ఎన్ని ఉన్నాయో!" అనుకునేవాడట. ఇందాక సంతలో నడిచి వచ్చాక ఈ మాట తలుచుకుంటే భలేగా ఉంటుంది. విరక్తి కన్నా సరదా ఎక్కువ ఉంది అందులో. అగోరా అంచున ఒక చిన్న ఇంటి పునాదులు ఉన్నాయి. తవ్వకాల్లో అక్కడ చెప్పుల అడుగున కొట్టే ఇనప మేకులు, తాళ్లు దూర్చే ఎముక రింగులు, "సైమన్‌ది" అని గీకిన ఒక గిన్నె అడుగు దొరికాయి. సోక్రటీస్ వచ్చి కబుర్లు చెప్పేవాడని చెప్పుకునే చెప్పులు కుట్టే సైమన్ ఇల్లు ఇదే కావచ్చని పండితులు అంటారు. జీవితమంతా ఉత్త కాళ్లతో తిరిగిన మనిషికి అడ్డా చెప్పుల కొట్టు!

ఆయన శిష్యుడు జెనొఫన్ రాసిపెట్టిన సంభాషణల్లో సోక్రటీస్ సూటిగా అడుగుతాడు. యుద్ధం వస్తే తిండికీ తాగుడికీ నిద్రకీ లొంగిపోయేవాణ్ణి సేనాపతిగా పెట్టుకుంటామా? చివరి ఘడియల్లో పిల్లల్నీ ఆస్తినీ అలాంటివాడి చేతిలో పెడతామా? అందుకని సద్గుణానికి నిగ్రహమే పునాది అని తేలుస్తాడు. లోన్ శాంక్షన్ చేసేముందు మేము ఆరా తీసేవీ దాదాపు ఇవే, కాకపోతే కాస్త మర్యాదగా అడిగేవాళ్లం.

అట్టాలస్ స్టోవా అనే పొడుగాటి వసారాని 1950ల్లో మళ్లీ కట్టి మ్యూజియం చేశారు. అందులో నేను ఎక్కువసేపు నిలబడింది మట్టి నీటి గడియారం ముందు. పైన ఒక కుండ, దాని అడుగున సన్నటి గొట్టం, కింద ఇంకో కుండ. కోర్టులో మాట్లాడేవాడు నోరు తెరవగానే గొట్టం తెరిచేవారు. పై కుండ ఖాళీ కావడానికి సుమారు 6 నిమిషాలు. ధార ఆగితే మాటా ఆగాలి. నోటి అదుపు మనిషి చేతిలో ఉంచితే లాభం లేదని కుండకి అప్పజెప్పారు. మన సన్మాన సభలకి ఇలాంటివి ఓ డజను తెప్పించుకోవచ్చు.

ఇంకో అద్దాల పెట్టెలో పేర్లు గీకిన కుండ పెంకులు. ఊరికి ఎవడి వల్ల ముప్పు అనుకుంటే వాడి పేరు పెంకు మీద గీకి వేసేవారు. చాలినన్ని పడితే ఆ మనిషి పదేళ్లు ఊరు వదిలిపోవాలి. క్రీ.పూ. 482లో అలా పోయినవాడు అరిస్టైడిస్, బిరుదు "న్యాయవంతుడు". ఓటింగు రోజున చదువురాని రైతు ఒకడు మనిషిని ఆనవాలు పట్టక ఆయన దగ్గరికే వచ్చి, పెంకు మీద అరిస్టైడిస్ అని రాసిపెట్టమన్నాడని జీవిత చరిత్రలు రాసిన ప్లూటార్క్ చెబుతాడు. "ఆయన నీకేం చేశాడు?" అంటే "ఏమీ చెయ్యలేదు, ఎక్కడ చూసినా న్యాయవంతుడు న్యాయవంతుడు అని విని విని విసుగొచ్చింది" అన్నాడట. ఆయన మారు మాట్లాడకుండా తన పేరు రాసిచ్చాడు. ఈ కథలో నిగ్రహం అరిస్టైడిస్‌దే అయినా, నా సానుభూతి కొంత రైతు మీద కూడా ఉంది.

రాత్రి టావెర్నాలో వైన్ కిలోల్లెక్కన అమ్ముతారని తెలిసి మా వాడి మొహం వెలిగిపోయింది. అరకిలో చెబితే రేకు జగ్గులో వచ్చింది. పాతకాలం గ్రీకులు వైన్‌ని ఉత్తగా తాగేవారు కారు, పెద్ద తొట్టెలో నీళ్లు కలిపి పంచుకునేవారు. క్రీ.పూ. 4వ శతాబ్దపు హాస్య నాటకకర్త యూబ్యులస్ నాటకం ఒకదాంట్లో మద్యానికి అధిదేవత డయోనిసస్సే లెక్క చెబుతాడు. బుద్ధిమంతులకి మూడు తొట్టెలు చాలు: మొదటిది ఆరోగ్యానికి, రెండోది ప్రేమకీ సంతోషానికీ, మూడోది నిద్రకి. అది అవగానే తెలివైనవాళ్లు ఇంటికి పోతారు. నాలుగోది మనది కాదు, పొగరుది. ఐదోది అరుపులకి. ఇంకా పైకి పోతే ఊరేగింపు, నల్లబడ్డ కళ్లు, కోర్టు తాఖీదు, పైత్యం, చివరికి పదోది పిచ్చికి, అంటే సామాన్లు విసరడానికి. వారుణివాహిని ఎక్కిన పెళ్లి విడిది చూసినవాళ్లెవరికైనా ఈ జాబితా వరుస తప్పలేదని తెలుస్తుంది. జగ్గు ఒకటితో ఆపాం. నాకు షుగర్, మా వాడికి పొద్దున్నే మీటింగ్ కాల్.

మంగళవారం, కెరమైకోస్

ఏథెన్స్ పాత శ్మశానం ఇది. పక్కన సన్నటి ఎరిడనోస్ వాగు, గడ్డిలో ఎర్రటి గసగసాల పూలు, సమాధుల మధ్య నింపాదిగా తిరిగే తాబేళ్లు. జనం పెద్దగా లేరు. ఏథెన్స్‌లో ఒక్క పూటే టైం ఉంటే నేను ఇక్కడికే రమ్మంటాను.

సమాధుల వీధిలో నడుస్తుంటే ఒక్కొక్క కుటుంబం ఎంత పోటీ పడి కట్టిందో తెలుస్తుంది. ఎత్తయిన దిమ్మ మీద దూకడానికి సిద్ధంగా ఉన్న పాలరాతి ఎద్దు. గుర్రమెక్కి శత్రువుని పొడుస్తున్న డెక్సిలియస్, క్రీ.పూ. 394లో యుద్ధంలో పోయిన కుర్రాడు. దాసి పట్టుకున్న పెట్టెలోంచి నగ తీసి చూసుకుంటున్న హెగెసో. ఇక్కడున్నవి నకళ్లు, అసలువి మ్యూజియాల్లో భద్రంగా ఉన్నాయి. చచ్చిపోయాక కూడా పక్కవాడి కన్నా అడుగెత్తు ఎక్కువ ఉండాలన్న తాపత్రయం ఆ నకళ్లలోనూ దాగదు.

ఆ వైభవం ఉన్నట్టుండి తెగిపోతుంది. క్రీ.పూ. 317లో ఏథెన్స్ పాలన ఫలేరోన్‌వాడైన డెమెట్రియస్ చేతికి వచ్చింది. అరిస్టాటిల్ బడిలో చదువుకున్నవాడు. సమాధుల మీద ఆడంబరం ఆపమని చట్టం చేశాడు: మట్టి దిబ్బ మీద మూడు మూరలకి మించని చిన్న స్తంభం, లేదంటే ఒక బల్ల లేదా తొట్టి. అంతే. ఆ తర్వాతి స్తంభాలు ఇక్కడే కనిపిస్తాయి. గుండ్రటి పొట్టి రాళ్లు, మెడ దగ్గర ఒక గీత, దాని కింద పేరు, తండ్రి పేరు, ఊరి పేరు. నా నడుం దాకా వచ్చేవి. ఒకదాని మీద చెయ్యి పెట్టబోతే కాపలా ఆవిడ దూరం నుంచే విజిల్ వేసింది.

ఇంత చేసిన డెమెట్రియస్ తన విషయంలో ఏం చేశాడయ్యా అంటే, ఆయన గౌరవార్థం ఊళ్లో 360 కంచు విగ్రహాలు నిలబెట్టారని పాత రచయితలు రాశారు. విందులూ భారీగానే ఉండేవట, జుట్టుకి రంగు కూడా. పదేళ్ల తర్వాత పదవి ఊడగానే ఆ విగ్రహాలు కూల్చేశారు. పైనున్నవాడు పొదుపు సర్క్యులర్ కింద వాళ్లకి పంపి, తన గదికి కొత్త ఏసీ పెట్టించుకోవడం నా సర్వీసులోనూ చూశాను.

ఈ దారిలోనే జరిగిన ఇంకో కథ నాకు చాలా ఇష్టం. ఓడ మునిగి ఏథెన్స్ చేరిన జీనో అనే వ్యాపారి, క్రేటీస్ అనే సన్యాసి లాంటి గురువు దగ్గర చేరాడు. కుర్రాడికి బిడియం ఎక్కువ. అది పోగొట్టాలని క్రేటీస్ ఒక కుండెడు పప్పు పులుసు చేతికిచ్చి కెరమైకోస్ మధ్య నుంచి మోసుకెళ్లమన్నాడు. జీనో సిగ్గుతో కుండని బట్ట చాటున దాచుకోబోయాడు. గురువు కర్రతో కుండ పగలగొట్టాడు. పప్పు కాళ్ల మీదుగా కారుతుంటే జీనో పరుగు అందుకున్నాడు. "ఎందుకురా పరుగు, నీకేమంత ఘోరం జరిగిందని!" అన్నాడట క్రేటీస్. ఆ జీనోనే తర్వాత, సుమారు క్రీ.పూ. 300 నుంచి, అగోరా పక్కన బొమ్మల వసారాలో పాఠాలు చెప్పి స్టోయిక్ మార్గం పెట్టాడు. పరువు, డబ్బు, ఆరోగ్యం పోయినా పోకపోయినా మనిషి మంచితనానికి లోటు రాదన్నది వాళ్ల మూలసూత్రం. కుర్రాళ్లకి సద్గుణం, నిగ్రహం నేర్పాడని మెచ్చుకుంటూ ఏథెన్స్ ఆయనకి బంగారు కిరీటమూ, ఇదే కెరమైకోస్‌లో ప్రజాధనంతో సమాధీ ఇచ్చింది. పప్పు కుండతో పారిపోయిన దారిలోనే!

ఆ వసారా ఆనవాళ్లు ఆడ్రియానూ వీధి పక్కన, రోడ్డు మట్టానికి బాగా దిగువన గోతిలో ఉన్నాయి. చుట్టూ హోటళ్ల కుర్చీలు. మేమూ ఒక కుర్చీలో కూర్చుని ఫకేస్ తెప్పించుకున్నాం, అంటే మసూర్ లాంటి గోధుమరంగు పప్పు పులుసు, పైన ఆలివ్ నూనె, పక్కన వెనిగర్ సీసా. తాలింపు లేదన్న ఒక్క లోటు తప్ప ఏ వంకా లేదు.

బుధవారం, కొరింథ్

లోకల్ రైలులో కొరింథ్, అక్కణ్ణుంచి పాత కొరింథ్‌కి టాక్సీ. దారిలో 1893లో తెరిచిన కాలువ. 6 కిలోమీటర్ల పైచిలుకు పొడవున కొండని నిలువునా కోసినట్టుంటుంది. రెండు రేవుల మీద సుంకం రాబట్టిన ఊరు కనక పాత కొరింథ్‌లో డబ్బు పారేది. "కొరింథ్ ప్రయాణం అందరికీ కుదిరేది కాదు" అని సామెత, నావికులు జేబులు ఖాళీ చేసుకుని వెళ్లేవారని. అపోలో గుడివి ఏడు స్తంభాలు మిగిలాయి, ఒక్కొక్కటీ ఏకశిల. మిగతాది ఎక్కువగా రోమన్ల కట్టుబడి. ఎండ, దుమ్ము. రెండు గంటల్లో తేల్చేశాం.

ఏమీ వద్దని బతికిన తత్వవేత్త డయోజెనీస్‌ని అలెగ్జాండర్ కలిసింది ఈ ఊరి శివారు తోపులో. ఏం కావాలో కోరుకోమంటే "ఎండకి అడ్డు తప్పుకో" అన్న కథ అందరికీ తెలిసిందే. దోసిలితో నీళ్లు తాగే పిల్లవాణ్ణి చూసి, తన దగ్గరున్న ఒక్క గిన్నె కూడా పారేసిన మనిషి. చిన్నప్పుడు నాకు ఈయన హీరో. ఇప్పుడు అంత నమ్మకం లేదు. ప్లేటో ఇంటికి వెళ్లి ఆయన తివాచీలు తొక్కుతూ "ప్లేటో డాంబికాన్ని తొక్కుతున్నా" అన్నాడట. "అవును, ఇంకో రకం డాంబికంతో" అన్నాడు ప్లేటో. లేమిలో కూడా అతి ఉంటుందని అంత తక్కువ మాటల్లో చెప్పడం కష్టం.

ఇంకోడు పెరియాండర్, క్రీ.పూ. 600 ప్రాంతంలో ఈ ఊరి నియంత. ఏడుగురు గ్రీకు జ్ఞానుల జాబితాల్లో ఈయన పేరు ఉంటుంది. భార్యని చంపినవాడని పాతకాలం గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ప్లేటో మాత్రం తన జాబితాలో ఈయన్ని తీసేసి మైసన్ అనే పెద్దగా ఎవరికీ తెలియని పల్లెటూరాయనని చేర్చాడు. నేనైనా అదే చేసేవాణ్ణి.

గురువారం, డెల్ఫీ

ఏథెన్స్‌లో లియోసియోన్ బస్టాండ్ నుంచి బస్సు. మూడు గంటల ప్రయాణం. థీబ్స్, లివాడియా దాటాక రోడ్డు పర్నాసస్ కొండల్లోకి ఎక్కుతుంది. అరాఖోవా అనే ఊళ్లో వీధి ఎంత ఇరుకంటే, ఎదురుగా వచ్చిన లారీ కోసం మా బస్సు వెనక్కి పోతుంటే పై అంతస్తు బాల్కనీలో ఆరేసిన దుప్పటి కిటికీ అద్దానికి రాసుకుంది. డ్రైవర్ ముఖంలో ఏ టెన్షనూ లేదు. డెల్ఫీలో దిగి చూస్తే కింద లోయంతా ఆలివ్ చెట్లు, ఆ చివర సముద్రం.

గ్రీకులకి భూమి నడిబొడ్డు ఇది. అపోలో గుడి ముఖమంటపంలో జ్ఞానుల మాటలు చెక్కి ఉండేవని 2వ శతాబ్దంలో వచ్చి చూసిన యాత్రికుడు పౌసానియస్ రాశాడు. ప్రసిద్ధమైనవి మూడు. నిన్ను నువ్వు తెలుసుకో. ఏదీ అతిగా వద్దు. మూడోది ఎవరూ టీషర్టుల మీద వేసుకోరు: జామీను ఉండు, నాశనం పక్కనే ఉంటుంది. బ్యాంకువాణ్ణి కదా, మొదటి రెండింటికీ తలూపి మూడోదానికి చేతులెత్తి మొక్కాను. మొహమాటానికి ష్యూరిటీ సంతకం పెట్టి జీతంలో కోతలు పడినవాళ్లు నా బల్ల ముందు ఎంతమంది కూర్చున్నారో. అపోలో గుడి ఇలాంటి సంగతి కూడా పట్టించుకుందంటే ఆ దేవుడి మీద గౌరవం పెరిగింది. ఆ రాతలు ఇప్పుడు లేవు. గుడికి పునాది, ఎక్కే వాలు, మళ్లీ నిలబెట్టిన ఆరు స్తంభాలు మిగిలాయి.

ఆ గుడికి పోయే దారి చూడాలి. కింది నుంచి పై దాకా రెండు పక్కలా ఊళ్ల డాబు. ప్రతి ఊరూ తను గెలిచిన యుద్ధానికి ఇక్కడో కట్టడం కట్టింది, అవతలివాడు కూడా గ్రీకువాడే అయినా సరే. సిఫ్నోస్ దీవివాళ్లకి బంగారు గనులు ఉండేవి, పదో వంతు అపోలోకి ఇచ్చేవారు. వాళ్ల ఖజానా మేడ ఇక్కడ అందరికన్నా ముస్తాబైనది. తర్వాత ఆశ పుట్టి ఆ వంతు ఎగ్గొట్టారని, సముద్రం పొంగి గనులు మునిగిపోయాయని పౌసానియస్ చెబుతాడు. లిడియా రాజు క్రీసస్ పంపిన మేలిమి బంగారు సింహం పది టాలెంట్ల తూకం, గుడి తగలబడినప్పుడు కరిగి ఆరున్నరకి వచ్చిందని హెరొడోటస్ లెక్క. అదే క్రీసస్, పర్షియాతో యుద్ధానికి దిగితే గొప్ప సామ్రాజ్యం ఒకటి కూలుతుందని ఈ గుళ్లో పలికిన దైవవాణి విని సంబరంగా దిగాడు. కూలింది ఆయనదే. అతి వద్దన్న గుమ్మం దాకా రావాలంటే ఇంత అతిని దాటుకుంటూ రావాలి. దీన్ని కపటం అనాలో, మందు రోగం ఉన్నచోటే పెట్టారు అనుకోవాలో మెట్లెక్కుతున్నంతసేపూ ఆలోచించాను. రెండోదే అనిపిస్తోంది.

గుడి ముందు మెలికలు తిరిగిన కంచు స్తంభం, మూడు పాములు పెనవేసుకున్నట్టు. ఇది నకలు. అసలుది ఇస్తాంబుల్లో ఉంది, కాన్‌స్టంటైన్ చక్రవర్తి పట్టుకుపోయాడు. క్రీ.పూ. 479లో ప్లటేయా దగ్గర పర్షియన్లని ఓడించి, దోచిన సొమ్ముతో గ్రీకులు నిలబెట్టినది. సేనాపతి స్పార్టావాడు, ఆయన పేరూ పౌసానియస్సే. గెలిచిన రోజు పర్షియన్ సేనాపతి డేరాలో వంటవాళ్ల చేత పర్షియన్ విందు ఒకటి, తన మనుషుల చేత స్పార్టా భోజనం ఒకటి పక్కపక్కనే వడ్డింపజేశాడు. "ఇంత తిండి ఉన్నవాడు మన గంజి దోచుకోడానికి వచ్చాడు, చూడండి వీడి తెలివి" అని నవ్వాడట. నిగ్రహం మీద ఇంత మంచి పాఠం ఇంకొకటి లేదు. మరి ఆ పాఠం చెప్పినవాడే ఈ స్తంభం మీద విజయం తనదేనని సొంత పేరు చెక్కించుకున్నాడు. స్పార్టా దాన్ని చెరిపించి, పోరాడిన ఊళ్ల పేర్లు రాయించింది. కొన్నాళ్లకి ఆయన పర్షియన్ బట్టలు, పర్షియన్ విందులు మరిగాడు. చివరికి ద్రోహి అన్న ముద్రతో గుళ్లో దాక్కుంటే తలుపులు మూసేసి ఆకలితో చావనిచ్చారు.

గుడి కింద పొడవాటి గోడ. పలకలు తేలిన రాళ్లని వంకర అంచులతో ఒకదాన్నొకటి పట్టుకునేలా పేర్చారు. దగ్గరికి పోయి వంగి చూస్తే రాయి నిండా చీమల్లాంటి అక్షరాలు. ఎక్కువ భాగం బానిసల విడుదల పత్రాలు, వందల్లో ఉన్నాయి. బానిస కూడబెట్టిన డబ్బుతో దేవుడు అతణ్ణి కొన్నట్టు రాసుకుంటారు, దాంతో స్వేచ్ఛ. కొన్నింట్లో మెలిక ఉంటుంది: యజమాని బతికున్నంత కాలం అక్కడే పని చెయ్యాలి. తమ మనసుకి తామే యజమానులు కావాలని చెప్పిన గ్రీకులకి, పక్కవాడికి యజమానిగా ఉండటం తప్పనిపించలేదు. ఈ గుళ్లో చాలా ఏళ్లు పూజారిగా చేసిన ప్లూటార్క్ కోపాన్ని అదుపు చేసుకోవడం గురించి మంచి వ్యాసం రాశాడు. ఆయన ఒకసారి బానిసని కొట్టిస్తుంటే, ఆ బానిస "కోపం తప్పని పుస్తకం రాసి ఇదేం పని?" అని నిలదీశాడట. ప్లూటార్క్ శాంతంగా, "నా మొహంలో కోపం ఏమైనా కనిపిస్తోందా?" అని, కొట్టేవాడి వైపు తిరిగి, "మేం చర్చించుకుంటూ ఉంటాం, నువ్వు నీ పని కానివ్వు" అన్నాడట. పాతకాలం వాళ్లు దీన్ని ఆయన నిగ్రహానికి మెచ్చుకోలుగా చెప్పుకున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

ఈ గుడి మాటలు ఎంత దూరం పోయాయో కూడా చెప్పాలి. అఫ్ఘానిస్తాన్ ఉత్తరాన, అమూ దర్యా ఒడ్డున ఐ ఖానూమ్ అనేచోట 1966లో ఒక రాయి దొరికింది. క్లియార్ఖస్ అనే ఆయన డెల్ఫీలో జాగ్రత్తగా రాసుకుని తెచ్చి అక్కడ చెక్కించిన సూక్తులవి. చిన్నతనంలో అణకువ, యవ్వనంలో నిగ్రహం, నడివయసులో న్యాయం, ముసలితనంలో మంచి సలహా, చావులో దుఃఖం లేకపోవడం. కాందహార్ దగ్గర 1958లో దొరికిన అశోకుడి శాసనం గ్రీకు, అరమాయిక్ భాషల్లో ఉంది. తమను అదుపు చేసుకోలేనివాళ్లు శక్తికొద్దీ ఆ అలవాటు మానుకున్నారని అందులో ఉంది. అదే అశోకుడు మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద తన 14 శాసనాలూ చెక్కించాడు, వాటిలో సంయమం గురించీ ఉంది, గ్రీకు రాజుల పేర్లూ ఉన్నాయి. డెల్ఫీలో టికెట్ కొనుక్కుని క్యూలో నిలబడ్డవాణ్ణి, ఎర్రగుడికి గుత్తి నుంచి గంట కూడా పట్టని దారిలో ఎన్నిసార్లు పోయినా దిగలేదు.

శుక్రవారం, డెల్ఫీ మ్యూజియం

పొద్దున్నే వెళ్లాం, బస్సుల జనం రాకముందే. చివరి గదిలో ఒక్కడే నిలబడి ఉంటాడు కంచు సారథి. 1896లో తవ్వకాల్లో దొరికాడు. నిలువెత్తు మనిషి, 1.8 మీటర్లు. సిసిలీలోని గెలా ఊరి పాలకుడు పొలిజాలస్ రథాల పందెం గెలిచి క్రీ.పూ. 470ల్లో ఇచ్చిన కానుకలో భాగం. రథం, గుర్రాలు ముక్కలై పోయాయి. కుడిచేతిలో పగ్గాల తునకలు మిగిలాయి.

మొహానికి దగ్గరగా వెళితే రెప్ప వెంట్రుకలు కనిపిస్తాయి, ఒక్కొక్కటీ విడిగా, సన్నటి రాగి రేకులో కత్తిరించినవి. తలకి గెలుపు పట్టీ. కళ్లలో పొదిగిన రంగు ఇంకా మెరుస్తోంది. గెలిచినవాడి మొహం అది, అయినా నవ్వు లేదు, గర్వం లేదు, అలుపు లేదు. పాదాలు చూడండి: నరాలు, గోళ్లు, అన్నీ. రథం ఉన్నప్పుడు ఆ పాదాలు ఎవరికీ కనిపించేవి కావు. ఆయన్ని చేసినవాడికి అది తెలుసు.

ప్లేటో ఆత్మని రథంతో పోల్చాడు. సారథి ఒకడు, గుర్రాలు రెండు, ఒకటి చెప్పిన మాట వింటుంది, రెండోది కొరడాకి కూడా లొంగదు. మనకి కఠోపనిషత్తు రథం తెలుసు: ఇంద్రియాలు గుర్రాలు, మనసు పగ్గం, బుద్ధి సారథి, వెనక కూర్చున్న రథికుడు ఆత్మ. ప్లేటో రథంలో వెనక కూర్చున్నవాడు లేడు, మొండి గుర్రం కూడా ఆత్మలో భాగమే. మన లెక్కలో గుర్రాలు ఎంత చెడినా రథికుడికి మచ్చ అంటదు. ఆయన లెక్కలో ఆ వీలు లేదు. మా వాడు ఫొటో తీసుకుంటూ "మీరు కూడా ఇలా మొహం పెట్టండి బావగారూ" అన్నాడు. ప్రయత్నించాను. వచ్చిన ఫొటో ఇంట్లో ఎవరికీ చూపించలేదు.

శనివారం, ఏథెన్స్

రిగిల్లిస్ వీధిలో కొత్త మ్యూజియం కడదామని 1996లో తవ్వితే అరిస్టాటిల్ నడిపిన లైసియం బయటపడింది. 2014లో జనానికి తెరిచారు. మోకాలెత్తు గోడలు, కుస్తీ పట్టే ముంగిలి, స్నానాల గదులు, చుట్టూ లావెండర్, థైమ్ మొక్కల వాసన. మేము తప్ప ఇద్దరో ముగ్గురో ఉన్నారు. క్రీ.పూ. 335 నుంచి పన్నెండేళ్లు ఆయన ఇక్కడ పాఠాలు చెప్పాడు.

కుస్తీ గోదాలో నిలబడితేనే ఆయన ఉదాహరణ రుచి తెలుస్తుంది. పది మీనాల (మీనా అంటే ఆనాటి గ్రీకు తూకం) తిండి ఎక్కువ, రెండు తక్కువ అనుకుందాం. అలాగని శిక్షకుడు అందరికీ ఆరు పెట్టమనడు. క్రోటోన్‌వాడైన మహామల్లుడు మైలోకి ఆరు చాలదు, నిన్న గోదాలో దిగినవాడికి ఎక్కువ. మధ్యేమార్గం అంటే కొలబద్ద పెట్టి సగానికి గీసిన గీత కాదని దాని అర్థం. ధైర్యం పిరికితనానికీ తెగింపుకీ మధ్య, దాతృత్వం పిసినారితనానికీ దుబారాకీ మధ్య. ఎవడికి, ఎప్పుడు, ఎంత అన్నది మాత్రం మనిషిని బట్టి. కొన్నింటికి మధ్య లేదని కూడా అక్కడే చెప్పేశాడు. దొంగతనం, హత్య, వ్యభిచారం తగుమాత్రంగా చెయ్యడం అంటూ ఉండదు.

నా పాత ప్రశ్నకి జవాబు దొరికింది కూడా ఈయన దగ్గరే. సోక్రటీస్ ఏమన్నాడంటే, మంచేదో నిజంగా తెలిసినవాడు చెడు చెయ్యడు, చేశాడంటే తెలియకే. అరిస్టాటిల్ ఒప్పుకోలేదు, కళ్ల ముందు జరుగుతున్నదానికి ఇది పొసగదన్నాడు. ఆయన మనుషుల్ని ఇలా చూస్తాడు. ఒకడికి అతి మీద కోరికే పుట్టదు, వాడికి యుద్ధమే లేదు. ఇంకొకడికి పుడుతుంది, పోరాడి గెలుస్తాడు. వేరొకడు పోరాడి ఓడిపోతాడు, తర్వాత బాధపడతాడు. చివరివాడికి పోరాటమే లేదు, తను చేసేదే సరైందంటాడు. ఓడినవాడికి సూత్రాలు నోటికి వస్తాయి, కానీ తాగినవాడు తత్వకవి ఎంపెడోక్లీస్ పద్యాలు చదివినట్టు వస్తాయట. మాటలు తప్పవు, మత్తు దిగదు. అయినా వాడు బాగుపడే అవకాశం ఉంది. చివరివాడి సంగతే కష్టం, వాడికి ఏం చెప్పి ఒప్పిస్తారు? నీళ్లే గొంతులో అడ్డుపడితే ఏం తాగి దించుకుంటారని అడుగుతాడు. నా బల్ల ముందు కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది మూడోరకం. ఈఎంఐ లెక్క నాకన్నా బాగా వాళ్లే చెప్పేవారు.

సాయంత్రం ప్లాకాలో షాపింగ్. అక్కడి కొట్లన్నింటిలో పైథాగరస్ కప్పు అమ్ముతారు. ఆయన పుట్టింది సమోస్ దీవిలో, ఈ కప్పు ఆయనే చేశాడని వాడుక. మట్టి కప్పు, మధ్యలో చిన్న స్తంభం, లోపల చుట్టూ ఒక గీత. కొట్టతను సీసాలో నీళ్లు గీత దాకా పోశాడు. కప్పు కప్పులాగే ఉంది. ఇంకో రెండు చుక్కలు పోశాడు. అడుగున చిల్లులోంచి ధార మొదలై, గీత పైనున్నదే కాదు, మొత్తం ఆఖరి చుక్క దాకా పోయింది. స్తంభం లోపల వంపు తిరిగిన గొట్టం ఉంటుంది, నీళ్లు ఆ వంపు దాటితే చాలు, ఇక తొట్టి ఖాళీ అయ్యేదాకా లాగేస్తుంది. మన వాసుదేవ పాత్రలో కృష్ణుడి పాదం తగలగానే యమున తగ్గిపోయేదీ ఈ సూత్రం మీదే.

ముచ్చటైన వస్తువే, కానీ అరిస్టాటిల్ దీన్ని కొనేవాడు కాదనిపించింది. మైలోకీ నాకూ ఒకటే గీత! పైగా ఒక్క చుక్క ఎక్కువైందని ఉన్నదంతా పోగొట్టే కప్పు దగ్గర భయం నేర్చుకుంటాం, అంతే. ఈ మాటే మా బావమరిదితో అంటే శ్రద్ధగా విన్నాడు, తల కూడా ఊపాడు. తర్వాత కొట్టతని వైపు తిరిగి, "ఇందులో పెద్ద సైజు ఉందా?" అని అడిగాడు.